గొడుగేసుకున్న అక్షరాలు

ఇక్కడి అక్షరాలు గొడుగులేసుకుంటాయి.
మావి తలకట్టు కట్టుకుంటాయి.
దూరం నుంచి రెండూ ఇసకమీద పీతలే,
దగ్గరికెళ్తే ఏ బొరియలోకో దూరిపోతాయి.

ఓటర్ల జాబితా బడిగోడకి అంటించినారంటే
చేపలగంప దించీసి ఎల్లాను.
కోడలు సస్మిత వేలుపెట్టి చదివింది:
"అత్తా, నువ్వు కురుళమావి.
మావ దొండాసి. వయసు ఇరవైనాలుగు. ఆడమనిషి."
నవ్వి నవ్వి అరుగుమీద కూలబడ్డాం.
ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

దండాసి వెరావల్‌లో ఉన్నాడు,
ఏడాదికి ఎనిమిది నెలలు ఎవరిదో బోటు మీద.
కిందటి ఓట్లకీ అక్కడే ఉన్నాడు.
ఆయన ఓటు మాత్రం ఇక్కడ పడింది.
ఫోన్లో చెప్తే,
"పోన్లే, నా పేరైనా ఊళ్ళో ఉంది" అన్నాడు.

మావగారి తండ్రి తెప్పమీద వచ్చినాడంట.
మూడు తరాలు.
గంజాంలో మేం ఇంకా నోలియాలమే.
ఇచ్ఛాపురం దాటి అటెళ్తే
"ఒరిస్సావోళ్ళొచ్చారు, కుర్చీలెయ్యండి" అంటారు.
కుర్చీ వేస్తారు నిజమే,
చుట్టాలకే కదా కుర్చీ.

అటుపక్క, కన్నోరి ఊళ్ళో
నా పేరు ఇంకా బతికే ఉంది
కొర్లమ్మ అని, తలకట్టుతో, ఒత్తులతో, తప్పు లేకుండా.
ఓట్లొస్తే తమ్ముడు ఆటో పంపేవాడు.
తోవలో ఇడ్లీ, తిరిగొచ్చేటప్పుడు చీర.
వేలికి సిరా పెట్టించుకుని
ఇక్కడికొచ్చి అదే వేలితో పొలుసు గీసేదాన్ని.
నెలకి సిరా పోయేది.
సర్పంచి ఐదేళ్ళుండేవాడు.
ఆడు కుళాయి వేయించినా
ఆ నీళ్ళు నా బిందెలోకి రావు.

ఇక్కడ బోరు ఉప్పు.
ఏటా సముద్రం పది బారలు కోసుకుపోతోంది.
రాతికట్ట పక్కూరికేసినారు, మాకెయ్యలేదు.
ఎందుకని ఛత్రపురం ఆఫీసులో అడిగితే
ఆ బాబు తలెత్తకుండానే
"మీవెన్ని ఓట్లు, మావుసీ?"

ఇంటికొచ్చి గవ్వలతో లెక్కెట్టాను.
నూటపదమూడు గడపలు.
జాబితాలో సగం లేరు.
కొందరు గుజరాతు పడవల్లో,
కొందరు పారాదీపు ఐసు ఫ్యాక్టరీలో,
కొందరు నాలాగ
పక్కనే ఉండి, అమ్మోరి ఊరి కాగితంలో.

మంగళారం ఆటో పిలవకుండానే ఎల్లాను.
నా పేరు తీసెయ్యమన్నాను.
అన్నం తింటన్న తమ్ముడు చెయ్యాపీసినాడు.
"చచ్చిపోయినోళ్ళవే తీస్తారక్కా."
మాస్టారు కాగితం తిప్పి కారణమడిగినాడు:
చనిపోయారా? వెళ్ళిపోయారా?
రెండే గళ్ళున్నాయి.
ఎల్లిపోయి ముప్పైయేళ్ళయింది బాబూ,
ఇయ్యాలే రాసుకో.
పాత జాబితాలో మా అమ్మ పేరు
ఎర్రసిరాతో కొట్టేసుంది.
ఆ గీతమీద కాసేపు చెయ్యి పెట్టి
తరవాత వేలిముద్ర వేశాను.

పల్లిసభలో నిలబడ్డాను.
ఒడియా బేరాలప్పుడు బాగానే తిరుగుతాది,
కోపమొస్తే మాత్రం నోట్లో తెలుగే మిగుల్తాది.
కట్ట అన్నాను. నీళ్ళు అన్నాను.
మా పేర్లు మా పేర్లలాగ రాయమన్నాను.
సెక్రటరీ పక్కకి తిరిగి
"కొణ కొహుచి?" అన్నాడు.
సస్మిత లేచింది, అది ఒడియా బడి గుంట.
నాను నాలుగు మాటలంటే
అది పది చెప్పింది.
ఆ మిగతా ఆరూ ఏటో
ఇప్పటికీ నాకు చెప్పలేదు.
సెక్రటరీ మాత్రం పెన్ను మూత తీసినాడు.

కొత్త జాబితా ఇంకా రాలేదు.
అటు తీసీసినారు, ఇటు ఎక్కించలేదు.
ఈ నెల నాను ఏ ఊళ్ళోనూ లేను.
రాత్రి కెరటం కొబ్బరిమొక్కని పట్టుకుపోయింది.

సస్మిత తలుపుమీద బొగ్గుతో
గొడుగేసి నా పేరు రాసింది.
పొలుసు కంపు వేలితో దిద్దుతున్నాను.
మొదటక్షరం లొంగింది,
రెండోది ఇంకా పీతలాగే.

దండాసి ఫోన్ చేసి ఓట్లెప్పుడన్నాడు.
ఎప్పుడైతే నీకేటి అనలేదు ఈసారి.
వెరావల్ నుంచి బరంపురానికి
టికెట్టెంతవుద్దో కనుక్కోమన్నాను.